పన్నెండు దిక్కులకు పోయిన కోడి

2046 జూలై తొమ్మిదిన, ఉదయం పదిన్నరకు, హైదరాబాద్ శివారులోని ఒక నాడీ పరిశోధనశాల గేటు ముందు డీసీఎం వ్యాను ఆగింది. అందులోంచి పన్నెండుగురు దిగారు. కాపలాదారు ఒక్కరినే లోపలికి రమ్మన్నాడు. పన్నెండుగురూ గేటు ముందే కూర్చున్నారు.

రమ్మన్న ఆ ఒక్కరు సమ్మక్క. వయసు యాభై అయిదు, పెద్దపల్లి డిపోలో బస్సు కండక్టరు. మిగతా పదకొండు మంది మొగిలిగుంట ఉన్నత పాఠశాలలో ఆమెతో తొమ్మిదో తరగతి చదివినవాళ్లు. భవనంలో, మూడో అంతస్తులో, ఆమె భర్త ఓదెలు ఉన్నాడు. అతనిదీ అదే తరగతి.

"మేమందరం దాతలమే. డాక్టరమ్మకు చెప్పు పో," అంది సమ్మక్క.

"ఒక్కరికే పర్మిషన్ ఉంది అక్కా. రూలు."

"ఇరవై ఎనిమిదేండ్ల సంది జనానికి రూల్సు నేనే చెప్తున్న తమ్మీ. ఎప్పుడు సడలియ్యాల్నో గూడ నాకెరికే. చెప్పిరా."

కాపలాదారు ఫోను తీశాడు. వ్యాను తోలుకొచ్చిన యాకూబ్ లోపలి నుంచి రెండు జంపఖానాలు దించి నేల మీద పరిచాడు.

నిరుడు వానాకాలంలో ఓదెలుకు మెదడు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది. చేతుల్లో మెకానిక్కు పని దక్కింది. లారీ ఇంజను చప్పుడు విని ఏ పార్టు పోయిందో ఇప్పటికీ చెప్పగలడు. జ్ఞాపకంలోంచి మనుషులే పోయారు. ఆస్పత్రి నుంచి తెచ్చి ఇంట్లో దించినప్పుడు గడప ముందు చెప్పులు విడిచి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే "కూర వండినవా, సముద్రం తెచ్చినవా" అని కంచం జరిపే మనిషి, ఇప్పుడు ఏది పెడితే అది తిని "బాగున్నదండి" అంటున్నాడు. ఆ 'అండి' మొదటిసారి విన్న రోజు సమ్మక్క వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. పొద్దున డ్యూటీకి బయలుదేరేటప్పుడు "మీరు తిన్నరా?" అని అడుగుతాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెను ఆ ఇంట్లో ఎవరూ మీరు అనలేదు.

ఈ పరిశోధనశాల గురించి చెప్పింది కరీంనగర్ డాక్టరు. ఒకరి తలలోని జ్ఞాపకాన్ని ఇంకొకరి తలలో పెడతారని, ఇప్పటికి ఆరుగురికి పెట్టారని అన్నాడు. మే నెలలో సమ్మక్క భర్తను తీసుకుని వచ్చింది. అక్కడి డాక్టరు వాగ్దేవిది తెనాలి ప్రాంతం. ఆమె ఏమీ వివరించలేదు. సమ్మక్క తలకు తీగల టోపీ ఒకటి తొడిగింది.

"పొద్దున టీ తాగారా అమ్మా?"

"తాగిన. గేటు బయట బండి కాడ."

"దాన్నే గుర్తు చేసుకుంటూ ఉండండి. గ్లాసు, వాసన, బండివాడి మొహం. నేను ఆపమనేదాకా."

కాసేపటికి టోపీ తీసి మళ్లీ అడిగింది. "టీ తాగారా?"

సమ్మక్క ఆలోచించింది. బస్సు దిగింది. గేటులోకి వచ్చింది. నడుమ ఏమీ లేదు. నాలుక చివర మాత్రం కాలి మండుతోంది.

"చదవాలంటే తీయాల్సిందేనమ్మా," అంది వాగ్దేవి. "తీసింది వెనక్కి రాదు. ఆయనకి పెట్టేది మీ దగ్గర ఉండదు. ఇది తెలియకుండా ఎవరి దగ్గరా సంతకం తీసుకోం."

"మా దిక్కు నాటేసుడు గిట్లనే," అంది సమ్మక్క. "నారు పీకినంక నారుమడిల ఏముంటది? బురద."

"అంతే. ఇప్పుడు గట్టి జ్ఞాపకం ఒకటి కావాలి. మీరిద్దరూ ఉన్నది. చప్పుడు, వాసన, పరుగు, నవ్వు, అన్నీ ఉండాలి. అది నాటుకుంటే చుట్టూ ఉన్నవి మెల్లిగా..."

సమ్మక్క ఆమెను ముగించనివ్వలేదు. "బల్బు పారిపోయిన దినం."

"బల్బు పారిపోవడమేంటండీ?"

"బల్బంటే కోడిపుంజు."

అది 2005 నాటి మాట. మొగిలిగుంట బడిలో సైన్సు సారు అట్టపెట్టెలో బల్బు పెట్టి, ఆ వేడికి గుడ్లు పొదుగుతాయని తొమ్మిదో తరగతికి చూపించాడు. ఆరు గుడ్లలో ఒకటి పగిలింది. పిల్ల బయటికొచ్చింది. పేరు బల్బు. అది పుంజయింది, తరగతిలోనే పెరిగింది. రోజుకొకరు ఇంటి నుంచి నూకలు తేవాలి. ప్రార్థన మొదలుకాగానే అది కూసేది, హెడ్మాస్టరు లక్ష్మీకాంతం సారు దాని గొంతు ఆగేదాకా నిలబడాల్సి వచ్చేది.

ఇన్స్పెక్టరు వచ్చిన రోజు బడిలో కోడి కూర వండడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు లక్ష్మీకాంతం సారు కోడిని కొనలేదు. "తరగతిలో ఉంది కదా," అన్నాడు. వంట చేసే రాజవ్వకు మసాలా నూరమని చెప్పాడు.

మొదటి పీరియడులోనే ఈ సంగతి తొమ్మిదో తరగతికి తెలిసింది. ఓదెలు క్లాసు లీడరు. వాడు బల్ల ఎక్కాడు.

"కోడేదని సారు అడుగుతడు. ఏమంటరు?"

"తెల్వదంటం," అన్నారు అందరూ.

"తెల్వదంటే చెప్పేదాంక కొడ్తడు. తెలుసనుండ్రి. తలో దిక్కు చూపెట్టుండ్రి. ఎవ్వడు మాట మార్చద్దు."

నీళ్ల గంటకు బయటికి పోయి మళ్లీ లోపలికి వచ్చేసరికి బల్బు పెట్టె ఖాళీ. లక్ష్మీకాంతం సారు బెత్తం పట్టుకుని వచ్చాడు. సదయ్య చెరువు దిక్కు చూపించాడు. సారు అటెండరును చెరువుకు పంపాడు. యాకూబ్ బస్టాండు అన్నాడు. డ్రిల్లు మాస్టరు బస్టాండుకు పరుగెత్తాడు. మల్లీశ్వరి "మీ ఇంటి గోడే దుంకింది సార్" అంది. సారు తన ఇంటికి తానే పోయి, మంచం కింద దూరి చూసి వచ్చాడు. సమ్మక్క కప్పు మీదికి చేయి చూపింది. నిచ్చెన తెప్పించారు. లెక్కల సారు ఎక్కాడు, పెంకులు జారాయి, పంచె పైన దూలానికి చిక్కుకుంది, సారు కిందికి వచ్చాడు. అప్పుడే ఇన్స్పెక్టరు జీపు గేటులోకి వచ్చింది. రాజవ్వ పొయ్యి దగ్గర కూర్చునే "సారూ, మసాల నూరుడు అయింది, కోడేది?" అని మూడుసార్లు కేకేసింది. తరగతిలో ఒక్కొక్కరికి రెండు దెబ్బలు పడ్డాయి. ఒక్కరూ మాట మార్చలేదు.

కోడి నిజంగా ఎటు పోయిందో తరగతిలో ఓదెలుకు ఒక్కడికే తెలుసు. పెళ్లయ్యాక సమ్మక్క ఎన్నిసార్లు అడిగినా, "ఒట్టు పెట్టుకున్నం. చెప్పరాదు," అనేవాడు. ఎవరితో పెట్టుకున్నాడో కూడా చెప్పలేదు.

ఇదంతా విని వాగ్దేవి నవ్వింది. నవ్వి, "ఇది చాలమ్మా. ఇదే ఇవ్వండి," అంది.

"ఇస్తే నాకుండది."

"ఉండదు."

"లెక్కల సారు పడ్డప్పుడు ఈయన నన్ను సూసి నవ్విండు డాక్టరమ్మా. అంతకు ముందెన్నడు నవ్వలే. అది ఈయనకు నా కండ్లతోటి ఎరికైతది. నాకు ఎరికుండది. అప్పుడు నేను ఈయనను మీరు అంటనేమో. కొత్తోళ్లం కొత్తోళ్లమే ఉంటం. మనిషి మారినట్టు గంతే."

"అందుకే ఆలోచించుకోమంటున్నాను. తొందరేం లేదు."

"ఆలోచన అయింది. ఒక్క మడి నారు సాలకపోతే పక్కోళ్ల మడుల నుంచి తెచ్చుకోరా? మా క్లాసోళ్లం అందరం ఉన్నం. తలా పిడికెడు ఇస్తం."

వాగ్దేవి తల అడ్డంగా ఊపింది. ఇద్దరు దాతల జ్ఞాపకాన్ని కలిపి ఒక్కసారి పెట్టి చూశారట. ఒక దాతకు గదికి రెండు తలుపులని గుర్తు, ఇంకొకరికి మూడని. రోగి ఆ గదిలోంచి బయటికి రాలేక మూడు రోజులు అన్నం ముట్టలేదు. తీసేయాల్సి వచ్చింది. "ఒకే దాత. అది దాటితే ఆయనకి ప్రమాదం. నేను చేయను."

"సూద్దాం తియ్యి," అంది సమ్మక్క.

ఆమె తిరిగే బస్సు మొగిలిగుంట మీదుగానే పోతుంది. సదయ్య ఒకప్పుడు సర్పంచి. టిక్కెట్టు ఇస్తూ అతనికి చెప్పింది. ఊరి మలుపులో ఎక్కిన మల్లీశ్వరికి చెప్పింది. ఆమెది బట్టలు కుట్టే పని. అలా ఒక్కొక్కరికీ చెప్పింది. ఎవరినీ బతిమాలలేదు. "పోయింది మళ్ల రాదట. ఇస్తె ఇయ్యి, లేకుంటే లే," అని మాత్రమే అంది. ముగ్గురు రాలేమన్నారు. వాళ్లతో ఇప్పటికీ మాట్లాడుతుంది.

హైదరాబాద్ వచ్చే దారిలో వ్యానులో ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఊరికి పోయేవాళ్లు పక్కింట్లో తాళంచెవి ఇచ్చి పోయినట్టు, ఎవరు ఇవ్వబోయే ముక్కను వాళ్లు పక్కన కూర్చున్నవాళ్లకు ముందే చెప్పాలి. చెప్పుకున్నారు. షామీర్‌పేట దాటేసరికి వ్యానులో గొడవ మొదలైంది. గేటు ముందు కూర్చున్నాక కూడా ఆగలేదు.

"చెరువు దిక్కే పోయింది. నేను సూసిన. కట్ట మీద ఉరికింది," అన్నాడు సదయ్య.

"చెరువా? బస్టాండ్ల కిరాణం కొట్టు ముంగట నిలబడ్డది. షావుకారు అదిలిచ్చిండు. కండ్లార సూసిన," అన్నాడు యాకూబ్.

"నువ్వు క్లాసుల కూసొని బస్టాండెట్ల సూసినవ్‌రా?"

"నువ్వెట్ల సూసినవ్ చెరువు? నీ బెంచి నా యెనకనే గద!"

మల్లీశ్వరి రెండు చేతులూ ఎత్తింది. "మీ ఇద్దరియి అబద్ధాలే. గోడ దుంకంగ దాని తోక ఈకలు నేను సూసిన."

సమ్మక్క వాళ్లను చూస్తూ ఉంది. ఆమె కళ్లకు పెంకుల మీద బల్బు నడుస్తోంది. ఎర్ర జుట్టు, కుడికాలు కాస్త ఎత్తి పెట్టడం, అన్నీ కనిపిస్తున్నాయి. ఆ రోజు ఆమె నోటికొచ్చింది చెప్పింది. రెండు దెబ్బలు తిన్నాక కూడా అదే చెప్పింది. నలభై ఏళ్లు చెప్పుకుంటూ వచ్చింది. ఎప్పుడు చూడడం మొదలైందో ఆమెకు తెలియదు.

గేటు దగ్గర ఇప్పుడు రోగుల తాలూకు మనుషులు పదిహేను మంది దాకా నిలబడి వింటున్నారు. లెక్కల సారు పంచె దగ్గరికి వచ్చేసరికి కాపలాదారు కుర్చీలోంచి లేచి గోడకు తల ఆనించి నవ్వాడు. వాగ్దేవి అప్పుడు కిందికి దిగి వచ్చింది.

"నేను కిటికీలోంచి విన్నాను," అంది. "మీరు పన్నెండుగురు, పన్నెండు దిక్కులు. ఇందులో ఏది నిజం?"

"ఒక్కటి గూడ కాదు మేడం," అన్నాడు సదయ్య. "అది మాకెరికే. అయినా అటే పోయింది."

"ఇవన్నీ ఒకే తలలో పెట్టమంటారా? రెండు తలుపులకే ఆ మనిషి ఏమయ్యాడో చెప్పాను కదా! ఆయనకేమైనా అయితే?"

"ఆయననే అడుగుండ్రి," అంది సమ్మక్క. "ఆయన తల. నేనెవల్ని, మీరెవలు?"

ఓదెలును కిందికి తీసుకొచ్చారు. జంపఖానా మీద కూర్చున్నవాళ్లకు అతను నమస్కారం పెట్టాడు. యాకూబ్ మొహం తిప్పుకున్నాడు. ఆ ఇద్దరూ ఒకే సైకిలు మీద బడికి పోయినవాళ్లు. ఒకే దాత అయితే ఏమవుతుంది, పన్నెండుగురైతే ఏం కావచ్చు, వాగ్దేవి ఏమీ దాచకుండా చెప్పింది. ఓదెలు చివరిదాకా విన్నాడు.

"నాకు ఏ దిక్కు తెల్వదు డాక్టరమ్మా," అన్నాడు. "పన్నెండు దిక్కులు చెప్పెటోళ్లు పనులు ఇడిసిపెట్టి వచ్చిండ్రు. ఒక్కటి లేనోనికి పన్నెండు ఎక్కువైతయా? ఇంకోటి. ఈమె ఒక్కతే అంత పోగొట్టుకునుడు నాకిష్టం లేదు. ఒక్కతే ఇస్తనంటే నేను తీసుకోను. ఇంటికి పోతం."

వాగ్దేవి గేటు తీయమంది. అనుమతి ఇవ్వాల్సినవాళ్లకు ఆమె ఫోను చేయలేదు. జరిగాక చెప్పింది. ఆ సంగతి మీద తర్వాత వేరే విచారణ జరిగింది.

మధ్యాహ్నమంతా ఒక్కొక్కరూ లోపలికి పోయి వచ్చారు. సదయ్య వచ్చి, "నేనేమిచ్చిన?" అని అడిగాడు. పక్కనున్నామె చెప్పింది, "చెరువు." "ఏం చెరువు?" అన్నాడు సదయ్య. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

మల్లీశ్వరి వచ్చి పక్కన కూర్చుంది. సమ్మక్క చెయ్యి పట్టుకుని అంది, "బడి గేటు కాడ ఒకాయన ఉన్నడు సమ్మక్కా. ఐసుడబ్బా పట్టుకొని. ఆయన పిలుస్తున్నడు నన్ను. ఎవలో ఎరికైతలేదు."

బడి గేటు దగ్గర ఐసుఫ్రూటు అమ్మింది మల్లీశ్వరి తండ్రి. తోక ఈకలు తీయబోతే, గోడతో పాటు గేటు దగ్గరి మనిషి గుర్తు కూడా కొంత వచ్చేసింది. సాయంత్రం వాగ్దేవి ఆ మాట ఒప్పుకుంది. ఎంత పోయిందో చెప్పలేనంది.

"మీ బాపు," అంది సమ్మక్క. "పదేండ్లాయె పోయి. నీకు సేమ్యా ఐసు ఊకెనే ఇస్తుండె. మాకు ఇయ్యకపోతుండె."

మల్లీశ్వరి ఊళ్లో ఎవరి గురించో విన్నట్టు విన్నది. "మీకెందుకు ఇయ్యడు?"

"అప్పుడు నేనూ అదే అడిగిన. పిసినారోడు."

"మా బాపును పిసినారోడంటవా?" అంది మల్లీశ్వరి. కళ్లు తుడుచుకుంది. "ఇంకా చెప్పు. ఇంటికి పోయేదాంక చెప్పు. తీసుకున్నోళ్లు తీసుకోని, మళ్ల నింపుకుంట."

చివరగా సమ్మక్క పోయింది. టోపీ పెట్టారు. పెంకులు, నిచ్చెన, పంచె, కింద నిలబడి తనవైపు చూసిన కుర్రవాడు. ఆపమన్నారు. బయటికొచ్చి యాకూబ్ పక్కన కూర్చుంది.

"చెప్పు," అంది.

"నువ్వు కప్పు మీద అన్నవ్. లెక్కల సారు ఎక్కి కింద పడ్డడు. అప్పుడు ఓదెలు నిన్ను సూసి నవ్విండట."

"అట ఏంది?"

"నేను సూడలే. నువ్వే చెప్పినవ్, వ్యాన్ల."

"నేను చెప్పిన్నా?"

"నాలుగుసార్లు చెప్పినవ్. చాలు తియ్యమని సదయ్యన్నడు."

సాయంత్రం పన్నెండు ముక్కలూ ఓదెలుకు పెట్టారు. వాగ్దేవి తెర ముందు కూర్చుంది. తెర మీద ఒక్కో దాత ముక్కకు ఒక్కో రంగు గీత. మామూలుగా గీతలు కాసేపు ఊగి ఒకచోట నిలబడతాయి. ఇవి నిలబడలేదు. ఒకటి నిలబడబోతే ఇంకొకటి దాన్ని తోస్తోంది. ఓదెలు మంచం మీద తల అటూ ఇటూ తిప్పుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి. వాగ్దేవి ముక్కలను వెనక్కి లాగే మీట మీద చేయి పెట్టి, సమ్మక్క వైపు చూసింది.

"తీసేయనా?"

"ఏం జేస్తున్నడు?"

"వెతుకుతున్నాడు. ఒక దాతదైతే ఉన్నదాన్ని నమ్మి ఊరుకుంటారు. ఇందులో ఏదీ నమ్మడానికి వీల్లేదు. అందుకని..."

"ఎతకనియ్యి," అంది సమ్మక్క. "లక్ష్మీకాంతం సారే ఎతికిండు, ఈయన ఎతుకడా?"

వాగ్దేవి చేయి తీయలేదు. మీట కూడా నొక్కలేదు. తెర మీద పదమూడో గీత వచ్చింది. దానికి రంగు లేదు. దాత లేని గీతకు యంత్రం రంగు ఇవ్వదు. వాగ్దేవి లేచి నిలబడింది. మిగతా పన్నెండు గీతలు ఒక్కొక్కటీ నెమ్మదించాయి.

ఓదెలు కళ్లు తెరిచాడు. కప్పు చూశాడు. సమ్మక్కను చూశాడు.

"కోడెటు పోయింది?" అని అడిగింది సమ్మక్క.

"ఎటూ పోలే," అన్నాడు. గొంతు తగ్గించాడు. "రాజవ్వ గంప కింద ఉన్నది. ఎవ్వలికి చెప్పకే."

వాగ్దేవి పన్నెండుగురి దగ్గర తీసిన ముక్కలన్నీ మళ్లీ వెతికించింది. ఏ ముక్కలోనూ గంప లేదు. రాజవ్వ ఉంది, పొయ్యి దగ్గర కూర్చుని కోడేదని అడుగుతూ. మర్నాడు ఉదయం మొగిలిగుంటకు ఫోను చేసింది. రాజవ్వకు ఎనభై ఆరేళ్లు. మనవరాలు ఫోను చెవి దగ్గర పెట్టి పట్టుకుంది. వాగ్దేవి తన ప్రశ్నను రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఎవలు చెప్పిండ్రు నీకు?" అంది రాజవ్వ.

"ఓదెలు గారు."

"ఆడే నాతోటి ఒట్టేయించుకున్నడు, ఆడే చెప్పిండా? మరి నేను చెప్తె తప్పేంది. నా గంప కిందనే ఉండె బిడ్డా. గంప మీద చాట పెట్టుకొని ఉల్లిగడ్డలు కోసిన. సారు రెండు తాపలు నా ముంగటికెల్లే పోయిండు."

"కూయలేదా?"

"చీకట్ల కోడి కూస్తదా? పొద్దుగూకినంక మా ఇంటికి తీస్కపోయిన. మూడేండ్లు బతికింది."

"మరి ఇన్స్పెక్టరు గారికి ఏం పెట్టారు?"

"వంకాయ కూర," అంది రాజవ్వ.